కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ తోట: నల్లబల్ల మీద గీసిన చెట్లని నిజంగా చూసొచ్చాను

మా ఆయన లెక్కలో తోట అంటే కాయ కాయాలి. మామిడో, బత్తాయో, ఏదీ లేకపోతే జామో. అలాంటి మనిషి చేత మన డబ్బుల్లో పదిహేను వందల పైన పెట్టించి రెండు టికెట్లు కొనిపించి, ఫిబ్రవరి చలిలో ఆకుల్లేని చెట్లు చూడ్డానికి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఆయన ఒక్క మాటే అన్నారు: "ఈ డబ్బుకి మన రైతుబజార్లో పది రోజుల కూరలొస్తాయి." నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నాకు బాగా అబ్బిన విద్య అదొక్కటే.

నేను రాస్తున్నది ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్ గురించి. మా అమ్మాయీ అల్లుడూ ఆ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తారు. ఏడేళ్ళ మనవరాలుంది. విజిట్ వీసా మీద నంద్యాల నుంచి వెళ్ళి ఆర్నెల్ల లోపు తిరిగొచ్చాం. ఈ తోటకి మూడుసార్లు వెళ్ళాను: ఫిబ్రవరి చివర్లో, ఏప్రిల్‌లో, మళ్ళీ మే నెలలో. ఒక్క ఫిబ్రవరి చూసి రాసుంటే ఈ రివ్యూ సగం మా ఆయన రాసినట్టుండేది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా సంబరం ఎందుకో మీకు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో బోటనీ చెప్పాను. బైపీసీ, తెలుగు మీడియం. ల్యాబ్ అంటే రెండు మైక్రోస్కోపులు, అందులో ఒకదానికి అద్దం లేదు. ఫార్మలిన్ సీసాలో ఒక నెపెంథిస్ కూజా ఉండేది, పురుగుల్ని పట్టి తినే మొక్కది. నేను చేరేనాటికే అది డికాక్షన్ రంగుకి తిరిగిపోయింది. మిగతావన్నీ నల్లబల్ల మీద రంగు సుద్దలతో నేను గీసినవే. సిక్వోయా, అదే జెయింట్ రెడ్‌వుడ్ చెట్టు, ఎంత ఎత్తుంటుందని పిల్లలు అడిగితే, కాలేజీ వాటర్ ట్యాంకు చూపించి, దాని మీద ఇంకో ట్యాంకు, దాని మీద ఇంకోటి పెట్టుకోండి అనేదాన్ని. నేను మాత్రం ఎక్కడ చూశాను గనక! చూడని చెట్ల గురించి ముప్పై నాలుగేళ్ళు ధీమాగా పాఠం చెప్పాను. కాబట్టి మామూలు టూరిస్టు వెళ్ళి మార్కులేసే తోట కాదు నాకిది. నా పాఠాలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి వెళ్ళాను.

తోటకి వెళ్ళే ముందు వారం ఊరంతా చూపిస్తామన్న ఒక టూరు బస్సు ఎక్కాం. పేరెందుకులెండి. కాలేజీ గేటు, కాలేజీ గేటు, నది, మళ్ళీ కాలేజీ గేటు. తోట చూపించరా అని అడిగితే "చెట్లే కదా మేడమ్" అన్నాడు గైడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. కేంబ్రిడ్జ్‌లో ఒక్క పూటే ఉంటే ఆ గేట్లు బయటి నుంచి చూసి తోటకే వెళ్ళమంటాను. రైల్వే స్టేషన్ నుంచి నడిచి పది నిమిషాలు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఫాస్ట్ ట్రైను ఎక్కితే కేంబ్రిడ్జ్ దాదాపు గంట లోపే.

తోట నలభై ఎకరాలు. ఊరి మధ్యలో అంతకుముందున్న చిన్న మందుమొక్కల తోట చాలక, జాన్ స్టీవెన్స్ హెన్స్‌లో అనే బోటనీ ప్రొఫెసరు పట్టుబట్టి ఊరి అంచున ఈ జాగా సంపాదించాడు. 1846లో తోట జనానికి తెరిచారు. ఆ ఏడు నవంబరు 2న నాటిన మొదటి చెట్టు, ఒక లైమ్ చెట్టు, ఇంకా ఉంది. లైమ్ అంటే నిమ్మ అనుకుని మా ఆయన దగ్గరికెళ్ళి కొమ్మల్లోకి వెతికారు. నిమ్మ కాదండీ, టీలియా. మన జనుము ఎలాగో వాళ్ళకి ఆ చెట్టు నార అలాగ, పూర్వం దాంతో తాళ్ళు పేనేవారు.

హెన్స్‌లో ఎవరో తెలియకపోయినా ఆయన శిష్యుడు మీకు తెలుసు, డార్విన్. కుర్ర డార్విన్‌ని బీగిల్ ఓడ ఎక్కించింది ఈయన సిఫార్సే. అయితే డార్విన్ ఈ చెట్ల కిందే తిరిగాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఆయన ఓడెక్కింది 1831లో, అప్పటికిక్కడ చెట్లే లేవు. చూడాల్సింది ఇంకోటుంది. పడమటి గేటు దగ్గర పెద్ద దారికి అటూ ఇటూ నల్ల పైన్లు ఉన్నాయి. అన్నీ పైనస్ నైగ్రానే, జాతి ఒక్కటే. కానీ ఒక రకం కొమ్మలు బరువుగా, వెడల్పుగా సాచుకుని ఉంటే ఇంకో రకం సన్నగా, నిటారుగా లేచింది. యూరప్‌లో వేర్వేరు చోట్ల పెరిగే రకాల్ని తెచ్చి హెన్స్‌లో కావాలనే ఎదురెదురుగా పెట్టించాడు. ఒకే జాతిలో ఎంత తేడా ఉండొచ్చో నడుస్తూ చూడమని. ఎండబెట్టిన మొక్కల షీట్ల మీద కూడా ఆయన ఒకే మొక్కవి పొట్టివీ పొడుగువీ పక్కపక్కనే అంటించేవాడట. శిష్యుడు తర్వాత ఏ ప్రశ్న పట్టుకుని ఇరవై ఏళ్ళు కూర్చున్నాడో, గురువు దాన్ని ఇక్కడ చెట్లతో నాటాడు. చాలామంది ఈ పైన్ల మధ్యనుంచి ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతున్నారు. మీరు ఆగండి.

వాటికి దగ్గర్లోనే జెయింట్ రెడ్‌వుడ్‌లు. నా వాటర్ ట్యాంకులు. 1850లలో కాలిఫోర్నియా నుంచి బ్రిటన్‌కి మొదటిసారి వచ్చిన విత్తనాలతో పెంచినవి ఇవి. అప్పుడే పోయిన వాళ్ళ సేనాని వెల్లింగ్టన్ పేరు దానికి పెట్టేశారు, అమెరికా చెట్టుకి ఇంగ్లీషు దొర పేరేమిటని అమెరికావాళ్ళకి ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఇంగ్లండులో చాలామంది దాన్ని వెల్లింగ్టోనియా అనే పిలుస్తారు.

ఎత్తు సంగతి ఫోటోలో కూడా తెలుస్తుంది. ఫోటోలో తెలియనిది బెరడు. చేతి గ్లవుజు తీసి బొటనవేలితో నొక్కాను. లోపలికి దిగింది! చెక్కలా లేదు. కొబ్బరి పీచు తడిపి, ఆరబెట్టి, దిమ్మ కట్టినట్టుంది. పిడికిలితో గుద్దినా నొప్పెయ్యదు. రంగు మన ఎర్రమట్టి రంగు, నంద్యాల నుంచి మహానంది పోయే దారిలో కనిపించే మట్టిలాంటిది. ఈ మెత్తటి బెరడు అడుగున్నరకి మించిన మందం కూడా పెరుగుతుంది, జిగురు రెజిన్ తక్కువ, అందుకే అడవి తగలబడినా లోపలి చెట్టు బతుకుతుంది. పాఠంలో "అగ్నినిరోధక బెరడు" అని రెండే మాటల్లో చెప్పి దాటేసేదాన్ని. ఆ రెండు మాటలకీ నా వేలు దిగిన గుంట ఒకటి జతపడింది ఇప్పుడు. బెరడులో గుడ్డు పట్టేంత గుంటలు కొన్ని కనిపిస్తే ఏమిటా అనుకున్నాను. ట్రీక్రీపర్ అని ఒక చిన్న పిట్ట, ఈ మెత్తదనం చూసుకుని గుంట తొలుచుకుని రాత్రిళ్ళు అందులో ఒదిగి పడుకుంటుందట. అమెరికా చెట్టు, ఇంగ్లీషు పిట్ట. నూటడెబ్భై ఏళ్ళలో బాగానే సర్దుకున్నాయి.

తర్వాత చెరువు. చెరువు గట్టున ఒక చెట్టు ముందు నిలబడి నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను, మా ఆయన వెనక నుంచి, "చచ్చిపోయిన చెట్టుకి అన్ని ఫోటోలెందుకు?" అన్నారు.

తప్పు ఆయనది కాదు. ఒక్క ఆకు లేదు. పైన్లకి చుట్టమైన చెట్టు, వివృతబీజం (విత్తనం కాయలో దాగని రకం), కోన్లు కాసేది, చలికాలంలో పచ్చగా ఉండాలి కదా. ఇది మటుకు ఆకు రాల్చేస్తుంది. మెటాసిక్వోయా, డాన్ రెడ్‌వుడ్ అంటారు. దీని కథ చెప్పిన రోజు క్లాసులో చివరి బెంచీ కూడా నిద్రపోయేది కాదు. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగేరు మికి శిలాజాలు చూసి ఈ చెట్టుకి పేరు పెట్టాడు. అంటే రాతిలో అచ్చులు తప్ప చెట్టు లేదు, ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట అంతరించిందనే లెక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే చైనా మధ్యలో మౌదావో అనే పల్లెలో అటవీ ఉద్యోగుల కళ్ళబడింది ఒక పెద్ద చెట్టు. ఊరివాళ్ళకి అది కొత్తేమీ కాదు, దాని మొదట్లో చిన్న గుడి కూడా కట్టుకున్నారు. ఇది మికి చెప్పిన శిలాజమే అని తేల్చి 1948లో హు, చెంగ్ అనే చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అమెరికాలో ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే చెట్ల తోట డబ్బిచ్చి విత్తనాలు ఏరించి, ప్రపంచంలో తోటలన్నిటికీ పొట్లాలు కట్టి పంపింది. కేంబ్రిడ్జ్‌కీ వచ్చాయి. బ్రిటన్‌లో పెరిగిన మొట్టమొదటి డాన్ రెడ్‌వుడ్ ఈ గట్టు మీదిదేనని చెబుతారు.

దీనికంటే నేను పెద్దదాన్నేమీ కాదు, అలాగని చిన్నదాన్నీ కాదు. ఏడెనిమిదేళ్ళు అటూ ఇటూ. శిలాజమని పేరు పడ్డాక కూడా ఇంత ఏపుగా పెరగొచ్చు అన్నమాట. రిటైరైనవాళ్ళకి పనికొచ్చే సంగతి.

ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్తే కొమ్మ కొమ్మకీ లేత పచ్చటి నురుగు పట్టింది. కిందికి వంగిన ఒక రెమ్మ దొరికింది. తుంచలేదు, తుంచకూడదు, చేతిలో పట్టుకుని చూశానంతే. చిన్న ఆకులు రెండేసి ఎదురెదురుగా ఉన్నాయి. అదే గుర్తు. ఇలాగే ఆకు రాల్చే స్వాంప్ సైప్రస్‌కైతే ఒకటి తప్పి ఒకటి ఉంటాయి. దువ్వెనకి రెండు వైపులా పళ్ళు ఉన్నట్టుంది రెమ్మ, ముట్టుకుంటే పసిపిల్ల వెంట్రుకల్లాగా మెత్తగా ఉంది. మనవరాలిని పిలిచి లెక్కపెట్టమన్నాను. "ఎదురెదురే అమ్మమ్మా" అంది. మా ఆయన బెంచీ మీద కూచుని దూరం నుంచే చూసి, "బతికే ఉందే" అన్నారు. ఓటమి ఒప్పుకోవడం అంటే ఆయన భాషలో అదే.

ఫిబ్రవరి సంగతి ఇంకొంచెం. చలికాలంలో వెళ్ళేవాళ్ళు నిరాశపడకుండా ఒక మూల వింటర్ గార్డెన్ అని చేశారు, 1970ల చివర్లో వేసింది. పువ్వుల మీద కాకుండా కాడల రంగు మీద వేసిన తోట. డాగ్‌వుడ్ కాడలు ఎర్రగా, నారింజ రంగులో ఉంటాయి. పొదలకి నిప్పంటించినట్టుంటుంది. మధ్యలో తెల్ల సున్నం కొట్టినట్టుండే ముళ్ళ రూబస్. పొద్దున ఎండ పక్కనుంచి పడినప్పుడు వెళ్ళాలి, మధ్యాహ్నానికి ఆ మెరుపు ఉండదు. డాఫ్నే పొద దగ్గర వాసన మటుకు ఎప్పుడూ ఉంటుంది. మన సంపెంగ అంత ఘాటు కాదు, కానీ దారి మలుపులోనే పట్టుకుంటుంది. అక్కడ నాకు అసలు బాగా నచ్చింది ఆ ఆలోచన. ఎందుకంటే మనం కూడా మొక్క అంటే పువ్వే అంటాం, కాడ వంక చూడం.

చలికి మోకాళ్ళు బిగిసిపోయాక అద్దాల ఇళ్ళలోకి దూరాం. ఇది గమనించండి: బయట స్వెటర్, కోటు, టోపీ, మఫ్లర్. లోపల మన జూన్ నెల, వాన పడి ఎండ కాసిన మధ్యాహ్నం. కళ్ళజోడు మీద ఆవిరి కమ్మి రెండు నిమిషాలు ఏమీ కనపడలేదు. కనపడగానే మొదట చూసింది అరిటాకులు. దాదాపు ఐదు వేల మైళ్ళు వచ్చి అరటి చెట్టు చూశామని మా అల్లుడు నవ్వాడు. దాన్ని దాటి లోపలికి వెళ్ళండి.

మాంసాహార మొక్కల గది చిన్నదే. నేనక్కడ అరగంట ఉన్నాను. నా సీసాలోని నెపెంథిస్ ఇక్కడ పచ్చగా, ఎర్ర చారలతో, మూత తెరుచుకుని వేలాడుతోంది. కూజా అంచు ఎంత నున్నగా ఉందంటే మన నేతి గిన్నె అంచులా మెరుస్తోంది. పురుగు జారేది అక్కడే. పిల్లలకి "మూత మూసుకుని పురుగుని బంధిస్తుంది" అని ఎవరైనా చెబితే దిద్దండి. మూత కదలదు, వాన నీళ్ళు పడకుండా గొడుగు అది. నోరు మూసేది వీనస్ ఫ్లైట్రాప్. పక్క కుండీల్లో డ్రోసిరా కూడా ఉంది. దీని కోసం ఇంత దూరం రానక్కర్లేదు. డ్రోసిరా ఇండికా మన దగ్గరే వానల తర్వాత తడి ఇసుక నేలల్లో వస్తుంది. గడ్డిలో మంచు బిందువుల్లా మెరుస్తుంటే జనం తొక్కుకుంటూ పోతారు.

ఇక పచ్చతీగ. ఏప్రిల్‌లో వెళ్ళమని చెబుతున్నది దీని కోసమే. జేడ్ వైన్ అంటారు, ఫిలిప్పీన్స్ అడవుల తీగ. పై కప్పు నుంచి మూరెడు మూరెడు గెలలు వేలాడుతున్నాయి. వాటి రంగు నేనెలా చెప్పను? నెమలి మెడలో నీలం తీసేసి మిగిలిన పచ్చలో కొంచెం పాలు కలిపితే వస్తుందేమో. పువ్వుకి ఆ రంగు ఉంటుందని చెబితే నేనే నమ్మేదాన్ని కాదు, సుద్దపెట్టెలో అలాంటి సుద్ద లేదు. రాలిన పువ్వు ఒకటి నేల మీద దొరికితే చేతిలోకి తీసుకున్నాను. కొడవలిలా వంగి, మొన తేలి, కొంచెం మందంగా, చల్లగా ఉంది. ఎక్కడో చూశానే అనిపించింది. తిప్పి చూస్తే మన అవిస పువ్వు! అదే సైజు వంపు, అదే ముక్కు. వెనక్కి మడిచిన పెద్ద రేకు ధ్వజం, పక్కన రెండు చిన్నవి బాహువులు, మధ్యలో కలిసి మొనదేలింది ద్రోణి. ఫాబేసి. చిక్కుడు, కంది, శనగల కుటుంబం. గబ్బిలాలు తలకిందులుగా వేలాడి దీని తేనె తాగుతాయి, పుప్పొడి వాటి తలకి అంటుకుంటుంది. రాత్రి మసకలో కనిపించాలి కాబట్టి ఆ వింత రంగు. కేంబ్రిడ్జ్‌లో గబ్బిలం పని తోటవాళ్ళే చేయాలి, కాయ కావాలంటే. మా ఆయన వెంటనే, "అవిస పువ్వుతో కూర చేస్తారు కదా, దీంతో?" అన్నారు. ఆయన్ని అక్కణ్ణుంచి బయటికి తీసుకొచ్చేశాను.

ఈ అద్దాల ఇళ్ళలోనే ఉంది చంద్రపుష్పం అని పేపర్లవాళ్ళు రాసిన అమెజాన్ కాక్టస్. దీన్ని నేను నంద్యాలలోనే చూశాను! 2021 ఫిబ్రవరి 20, కోవిడ్ రోజులు. తోట మూసేసి ఉంటే ఆన్‌లైన్‌లో లైవ్ పెట్టారు. మన టైము ప్రకారం రాత్రి. అమ్మాయి లింకు పంపితే దుప్పటి కప్పుకుని ఫోన్‌లో చూశాం. బ్రిటన్‌లో అది పూయడం అదే మొదటిసారి అన్నారు. ఒక్క రాత్రే ఉంటుంది. విచ్చుకున్నప్పుడు సువాసన, తెల్లారేసరికి కంపు. పొడుగు గొట్టం అడుగున తేనె, అంత నాలుక ఉన్న హాక్ మాత్ అనే చిమ్మెట రావాలి. నేరుగా చూస్తే పువ్వు లేదు, చెట్టు మానుకి ఆకుల్లా అతుక్కుపోయిన బల్లపరుపు కాడలు మాత్రమే ఉన్నాయి, కాగితాన్ని మానుకి జిగురుతో అంటించినట్టు. అమెజాన్ వరదల్లో మాను సగం మునిగినా ఊడిపోదు. మన మేడల మీద కుండీల్లో రాత్రి పూస్తే ఇరుగుపొరుగుని పిలిచి హారతిచ్చే "బ్రహ్మకమలం" ఉంది చూడండి, అదీ కాక్టసే, దీనికి చుట్టమే. నిజం బ్రహ్మకమలం హిమాలయాల మొక్క, వేరే కుటుంబం. ఈ మాట మా వీధిలో చెప్పి రెండు కుటుంబాలతో మాటల్లేకుండా చేసుకున్నాను.

టైటన్ ఆరమ్ అనే పెద్ద పువ్వు గురించి అడుగుతారు. సుమత్రాది, మనిషిని మించిన ఎత్తు, కుళ్ళిన మాంసం కంపు. ఇక్కడ 2015లోనూ 2017లోనూ పూసింది. మీరు వెళ్ళిన రోజు పూస్తుందని ఆశపెట్టుకోకండి, ఏళ్ళకోసారి రెండు రోజులు. అయినా మన కంద దానికి సొంత తమ్ముడు. అమార్ఫోఫాలస్ అనే ప్రజాతే రెండూ. పెరట్లో కంద పూసినప్పుడు దగ్గరికెళ్ళి వాసన చూడండి, విమానం టికెట్ మిగులుతుంది. ఈ ముక్క విన్నాక మా ఆయన ఆ కుండీని కొత్త గౌరవంతో చూశారు. కందా బచ్చలీ ఆయనకి ప్రాణం.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చిన చోటు ఎవరూ ఫోటోలు తీసుకోని చోటు. సిస్టమాటిక్ బెడ్స్. మొక్కల్ని అందం కోసం కాకుండా కుటుంబాల వారీగా మడులు కట్టి పెట్టారు. 1845లో ఆండ్రూ మర్రే అనే మొదటి క్యూరేటరు వేసిన ప్లాను, డి కండోల్ అనే స్విస్ శాస్త్రవేత్త వర్గీకరణ ప్రకారం. మధ్యలో గుండ్రంగా కంచె, లోపల ఏకదళబీజాలు. చుట్టూ ద్విదళబీజాలు, మళ్ళీ వాటిలో తెగలకి మధ్య కంచెలు. అంటే పుస్తకంలో విషయసూచికని నేల మీద పరిచారు. నేను బెంథామ్, హుకర్ వర్గీకరణ చెప్పేదాన్ని. వాళ్ళు డి కండోల్ మీద కట్టుకున్నవాళ్ళే. రెండిట్లోనూ మొదలు రాననుక్యులేసి. ఎందుకు మొదలు అని ప్రతి ఏడూ ఒక పిల్లవాడైనా అడిగేవాడు: రేకులూ కేసరాలూ అండాశయాలూ వేటికవే విడిగా ఉంటాయి నాయనా, అందుకు. మన నల్లజీలకర్ర కూడా ఆ కుటుంబమే. మే నెలలో ఆ మడుల మధ్య నడుస్తుంటే నా సిలబస్ కాళ్ళ కింద నడుస్తున్నట్టుంది. మోకాళ్ళ సంగతి గుర్తు రాలేదు.

కొంచెం దిగులు కూడా వేసింది, దాచుకోను. నేను చెప్పిన లిలియేసి, లిల్లీల కుటుంబం, ఇప్పుడు అలా లేదు. డీఎన్ఏ చూసి ముక్కలు చేశారు. ఉల్లి అమారిల్లిడేసికి పోయింది, పిల్లితీగలు ఆస్పరాగేసికి. ఎన్నో పేపర్లలో "ఉల్లి ఏ కుటుంబం?" అన్న ప్రశ్నకి లిలియేసి అని రాసినవాళ్ళకి మార్కు వేశాను. ఇప్పుడెవరి దగ్గర వెనక్కి తీసుకోవాలి? పక్కనే 2018లో కట్టిన చెక్క ర్యాంపు ఉంది, మెట్లు లేకుండా మెలికలు తిరుగుతూ పైకి వెళ్తుంది. పైనుంచి ఆ మడుల ప్లాను మొత్తం కనిపిస్తుంది. పెద్దవాళ్ళు భయపడకుండా ఎక్కొచ్చు.

అదే మే రోజు దావీడియా చెట్టు చూశాం, హ్యాండ్‌కర్చీఫ్ ట్రీ. చెట్టంతా తెల్ల జేబురుమాళ్ళు ఆరేసినట్టు. ఆ రుమాళ్ళు పువ్వులు కావు, పుచ్ఛాలు, అంటే పువ్వుని అంటిపెట్టుకుని ఉండే ఆకులు. అసలు పువ్వులు మధ్యలో గోళీకాయంత ముద్దగా ఉంటాయి. మన కాగితపు పూల తీగ సంగతీ ఇంతే. ప్రాక్టికల్స్‌లో అది ఇచ్చి "ఆకర్షణపత్రాల రంగు?" అని, అంటే రేకుల రంగు, అడిగి ఎంతమందిని పట్టుకున్నానో.

చివరికి న్యూటన్ ఆపిల్. ఇది మా ఆయన భాగం. గురుత్వాకర్షణ కథలోని చెట్టు ఊల్స్‌థార్ప్‌లో న్యూటన్ ఇంటి దగ్గరిది. దాని అంటుని 1954లో ఈ తోటలో నాటారు. 2022 ఫిబ్రవరిలో యూనిస్ తుపానుకి అది పడిపోయింది. వేళ్ళకి అప్పటికే హనీ ఫంగస్ పట్టుంది. చెట్టు బలహీనపడుతోందని ముందే గమనించి తోటవాళ్ళు దాని నుంచి అంట్లు కట్టి ఉంచారు. "అయితే ఇప్పుడున్నది అసలు చెట్టు కాదా?" అంది మనవరాలు. నేను క్లోనింగ్ గురించి నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. "మన బంగినపల్లి మామిడి ఉంది కదా బంగారూ. మనూరికి దగ్గరే బంగినపల్లి. అక్కడి చెట్టు కొమ్మ కోసి అంటు కడితే ఇంకో చెట్టు, దాని కొమ్మతో ఇంకోటి. టెంక పాతితే బంగినపల్లి రాదు, వేరే ఏదో వస్తుంది. ఊళ్ళో ఎన్ని వేల చెట్లున్నా అన్నీ ఒక్క చెట్టే." నేనిన్నేళ్ళలో క్లాసులో ఇంత బాగా చెప్పలేదు. కాయ రుచి ఎలా ఉంటుందని ఆయన అడిగారు. ఫ్లవర్ ఆఫ్ కెంట్ అనే రకం, పుల్లన, వండుకునేది. "పప్పులోకి పనికొస్తుంది" అని తేల్చారు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని. చలికాలం నాలుగింటికే మూసేస్తారు, వేసవిలో ఆరు దాకా ఉంటుంది, అద్దాల ఇళ్ళు అరగంట ముందే మూస్తారు. అందుకని అవి ముందు చూసుకోండి. పిల్లలకి టికెట్ లేదు. పేరుపలకల మీద ఉండేది లాటిన్ పేరు, కుటుంబం, దేశం. నాకదే సరిపోయింది, అల్లుడికి చాల్లేదు. ముందు కొంచెం చదువుకుని వెళ్తే ఎక్కువ కనిపిస్తుంది. మేము పులిహోర డబ్బా తీసుకెళ్ళి చెరువు దగ్గర బెంచీ మీద తిన్నాం. చలికి పులిహోర గట్టిపడుతుంది, ఫ్లాస్కులో చారు పట్టుకెళ్ళండి. మార్కులంటారా, ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించావంటే, నేను ఎవరికీ ఫుల్ మార్కులు వేసిన దాన్ని కాదు.

ఏప్రిల్‌లో ఆ పచ్చతీగ పువ్వు ఫోటో తీసి, పేరు చెప్పకుండా, మా పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కుటుంబం చెప్పండి అన్నాను. ఇప్పుడు వాళ్ళలో డాక్టర్లు, ఫార్మసీవాళ్ళు, ఒక ఎస్సై ఉన్నారు. అరగంట దాకా ఎవరూ పలకలేదు. తర్వాత ఎస్సై రాశాడు: "ఫాబేసి కదా మేడమ్, అవిస పువ్వులాగుంది." కింద పువ్వు భాగాల్ని గుర్తుల్లో రాసే ఫ్లోరల్ ఫార్ములా కూడా వేశాడు. కేసరాలు మాత్రం తొమ్మిది ప్లస్ ఒకటి అని విడగొట్టకుండా పది అని రాశాడు.